భంజబిహార్ ఉపన్యాసాలు: స్టెన్సిల్ కాగితం, ప్రశ్న చీటీ, ఆఖరి బస్సు

పౌర సమస్యల మీద ఉపన్యాసం బాగా జరిగిందని ఒడిశాలోని బరంపురంలో ఎప్పుడు అనుకునేవారంటే, విన్న మనిషి మర్నాడు పొద్దున్న ఏ ఆఫీసుకి వెళ్ళాలో, ఏ కాగితం పట్టుకెళ్ళాలో, ఎన్నాళ్ళు ఆగాలో తెలుసుకుని కుర్చీలోంచి లేచినప్పుడు. చప్పట్లు ఎంతసేపు మోగాయన్నది లెక్కలోకి వచ్చేది కాదు. ఆ కొలతకి నిలబడిన సభలు ఒకప్పుడు భంజబిహార్‌లో జరిగేవి. వాటిని తలుచుకునేవాళ్ళు ఇప్పుడు వక్తల పేర్లే తలుచుకుంటున్నారు. ఆ సభల్ని నిలబెట్టినవి మాత్రం వేదిక మీద కనబడని పనులు.

బరంపురం విశ్వవిద్యాలయం 1967లో వచ్చింది. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆవరణకి ఒడియా కవి ఉపేంద్ర భంజ పేరు పెట్టి భంజబిహార్ అన్నారు. ఆ దూరమే సభలకి మొదటి చిక్కు. ఆవరణలో పెడితే విద్యార్థులూ అధ్యాపకులూ హాలు నింపేస్తారు. ఇంటి పన్ను కట్టేవాడు, రేషన్ కార్డు కోసం తిరిగేవాడు, నేత మగ్గం మీద బతికేవాడు రాడు. ఊళ్ళో పెడితే వాళ్ళొస్తారు, హాస్టల్ పిల్లలు రారు. అందుకే తెలివైన విభాగాలు ఒకే ఉపన్యాసాన్ని రెండుసార్లు చెప్పించేవి: పొద్దున్న పదకొండింటికి భంజబిహార్‌లో, సాయంత్రం ఊళ్ళో ఏదో ఒక కాలేజీ హాల్లో. రెండోసారి చెప్పేటప్పుడు వక్త సగం సిద్ధాంతం వదిలేసి, పొద్దుటి ప్రశ్నల్లోంచి వచ్చిన ఉదాహరణలు పెట్టేవారు. సాయంత్రం సభే ఎప్పుడూ మేలుగా ఉండేది.

ఒకే సభకి వీలున్నప్పుడు భంజబిహార్‌లో మధ్యాహ్నం మూడున్నరకి మొదలుపెట్టి ఐదున్నరకి ముగించాలి. ఊరికి పోయే బస్సు దొరకదన్న భయం పుడితే ఐదింటి నుంచే వెనక వరసలు ఖాళీ అవుతాయి, సరిగ్గా ప్రశ్నల వేళకి. నెల కూడా చూసుకోవాలి. అక్టోబరు తుపానుల నెల. వేసవిలో రేకుల కప్పు కింద ఎవరూ గంటసేపు కూర్చోలేరు. రెండేళ్ళకోసారి చైత్రంలో వచ్చే బుఢీ ఠాకురాణి యాత్ర రోజుల్లో ఊరు మరో పని పెట్టుకోదు. ఆ యాత్రకి పెద్ద అయిన దేశీబెహరా నేతవారి కులం నుంచే కాబట్టి, మనం పిలవాలనుకున్న నేతవాడలు మొత్తం అందులోనే ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఆదివారం కాని రోజు, అదే సరైన కాలం.

ఇక్కడి తెలుగువాళ్ళకి ఇలాంటి సభలు ఎందుకంత అవసరమయ్యాయో అర్థం కావాలంటే 1936 ఏప్రిల్ 1 దాకా వెళ్ళాలి. ఆరోజు ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా చాలా భాగం ఇటు వచ్చింది; ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటు విశాఖ జిల్లాలో ఉండిపోయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్ళాయి. చుట్టాలు అటు, ఆఫీసులు ఇటు. తెలుగు పత్రికలో చదివే పంచాయతీ చట్టం ఒకటి, మన పంచాయతీకి వర్తించే చట్టం ఇంకొకటి. ఇంట్లో ఉన్న తాతల నాటి దస్తావేజు తెలుగులో, తహసీల్ ఆఫీసు ఇచ్చే పట్టా ఒడియాలో. ఎవర్ని అడిగినా సగం జవాబే దొరికేది. రెండు వైపుల చట్టాలూ తెలిసిన మనిషి నిలబడి, ఇది అక్కడిది, ఇది మనది అని విడదీసి చెప్పేది ఆ ఉపన్యాసాల్లోనే.

ఉదాహరణకి పల్లీ సభ సంగతి తీసుకోండి. శ్రీకాకుళం వైపు చుట్టాల దగ్గర గ్రామసభ గురించి విని వచ్చిన మనిషి ఇక్కడ గ్రామసభ ఎప్పుడని అడుగుతాడు. ఒడిశాలో ఒక గ్రామ పంచాయతీ కింద కొన్ని ఊళ్ళుంటాయి. ఒక్కో ఊరికి వేరే పల్లీ సభ ఉంటుంది. 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం ప్రకారం అది ఏటా ఫిబ్రవరిలో జరగాలి, వార్డు సభ్యుడు అధ్యక్షత వహిస్తాడు. వచ్చే ఏడాది ఊళ్ళో ఏ పనులు చేపట్టాలో అక్కడే అనుకుని పంచాయతీకి పంపుతారు. మన కల్వర్టు, మన బోరింగు ఆ జాబితాలోకి ఎక్కాలంటే ఫిబ్రవరిలో ఊరి సభలో నోరు విప్పాలి. తర్వాత సర్పంచి ఇంటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఆ ఏటికి ఆలస్యమే. ఈ మాట చెప్పే ఉపన్యాసం మార్చిలో పెట్టడం శుద్ధ దండగ. జనవరి మూడోవారంలో పెట్టాలి. సంక్రాంతి చుట్టాలు వెళ్ళిపోయి ఉంటారు, పల్లీ సభకి ఇంకా టైముంటుంది.

ఊళ్ళోవాళ్ళకైతే మునిసిపాలిటీ సంగతులు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చాక ఏ ఉపన్యాసం చూసినా దాని మీదే. పన్నెండో షెడ్యూల్లో పద్దెనిమిది పనులున్నాయని చెప్పి చాలామంది వక్తలు అక్కడితో ఆపేవారు. మంచి వక్త మాత్రం హోల్డింగ్ టాక్స్ రసీదు ఒకటి తెప్పించి, అందులో ఇంటి పన్ను ఎంత, నీటి పన్ను ఎంత, దీపాల పన్ను ఎంత అని విడివిడిగా బోర్డు మీద రాసి, ఒక్కో పన్నుకి ఎదురుగా మునిసిపాలిటీ చేయాల్సిన పని రాసేవారు. రసీదు అందరింట్లోనూ ఉండేదే కాబట్టి, ఇంటికెళ్ళి తీసి చూసుకునేవారు.

హాలు, మైకు. వీటి గురించి ఎవరూ రాయరు గానీ, సగం ఉపన్యాసాలు ఇక్కడే పోయేవి. కాంక్రీటు హాలు ఖాళీగా ఉంటే మాట గోడలకి తగిలి తిరిగొస్తుంది. జనం నిండాక ఆ ప్రతిధ్వని తగ్గుతుంది. అందుకని ఖాళీ హాల్లో మైకు పరీక్షించి వాల్యూమ్ అక్కడే వదిలేస్తే తప్పు. జనం కూర్చున్నాక మళ్ళీ సరిచేయాలి. కీచుమని అరవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: స్పీకరు పెట్టె మైకు వెనకో పక్కనో ఉండి, దాని చప్పుడు మళ్ళీ మైకులోకే దూరడం. పెట్టెల్ని మైకు కంటే ముందుకు జరిపి, జనం వైపు తిప్పాలి. వేదిక మీద రెండు పెద్ద పెట్టెలు మోగించే కన్నా, రెండు పక్క గోడల వెంబడీ నాలుగు సన్నటి కాలమ్ స్పీకర్లు తక్కువ చప్పుడుతో పెడితే ఆఖరి వరసలో ముసలాయనకి కూడా ప్రతి అక్షరం వినబడుతుంది. వక్త నోటికీ మైకుకీ మధ్య బెత్తెడు దూరం. కరెంటు పోతే ఆగకుండా ఉండటానికి ఆనాటి ఆహూజా యాంప్లిఫయర్లకి వెనక పన్నెండు వోల్టుల బ్యాటరీ తగిలించే చోటు ఉండేది. లారీ బ్యాటరీ ఒకటి ఛార్జి చేసి బల్ల కింద పెట్టుకుంటే సభ చివరిదాకా వచ్చేది. ఫ్యాన్లు ఆగినా జనం కదలరు. మాట వినబడటం ఆగితే కదులుతారు.

ఇప్పుడు సభ గుమ్మం దగ్గర పంచే తెలుగు కాగితం సంగతి. ఈ సభలన్నిటిలోకీ నాకు విలువైనది అదే.

వక్త ఇంగ్లీషులోనో ఒడియాలోనో మాట్లాడతారు. వాక్యానికి వాక్యం తెలుగు చేయిస్తే గంట ఉపన్యాసం రెండు గంటలవుతుంది, ఒడియా కూడా చేయిస్తే మూడు. పైగా వక్త ఊపు పోతుంది. దానికి దొరికిన ఉపాయం ఒక్క కాగితం. వక్త దగ్గర వారం ముందే ముఖ్యాంశాలు తెప్పించుకుని, తెలుగులో ఒకే పేజీకి కుదించి, సైక్లోస్టైల్ చేసి, అంటే స్టెన్సిల్‌లోంచి సిరా దింపి ప్రతులు తీసి, గుమ్మం దగ్గర పంచడం. ఇంగ్లీషుకైతే టైపు మిషన్ మీద రిబ్బన్ పక్కకి తప్పించి స్టెన్సిల్ మీద నేరుగా కొడితే సరి. తెలుగు టైపు మిషన్ దొరికేది కాదు కాబట్టి చేత్తోనే రాయాలి: మైనపు స్టెన్సిల్ కింద గరుకు పలక పెట్టి, ఇనుప మొన ఉన్న కలంతో. మన అక్షరాలు గుండ్రం. సున్న పూర్తిగా చుట్టితే ఆ ముక్క ఊడి పడిపోతుంది, అక్కడ సిరా ముద్దగా దిగి నల్లటి మచ్చవుతుంది. 'గంజాం' అని రాస్తే రెండు మచ్చలు. అందుకని సున్నకి చివర వెంట్రుకవాసి ఖాళీ ఉంచి ఆపాలి. ఠ, ర, గుడులు కూడా అంతే. అక్షరం వేలి గోరంత పెద్దదిగా, వరసకీ వరసకీ మధ్య ఖాళీ బాగా వదిలి రాయాలి. లేకపోతే పైవరస ఒత్తులు కిందవరస తలకట్లకి తగిలి స్టెన్సిల్ చిరుగుతుంది. తప్పు పడితే ఎర్రటి దిద్దుబాటు ద్రవం పూసి, ఆరాక దాని మీదే మళ్ళీ గీయాలి. ఆరకముందు గీస్తే రంధ్రం.

ముద్రించేటప్పుడు ఒకరు పిడి తిప్పితే ఇంకొకరు తడి కాగితాలు ఒకదాని మీద ఒకటి పడకుండా తీస్తూ ఉండాలి, లేకపోతే ముందు కాగితం సిరా వెనక కాగితం వీపున అంటుతుంది. చేతిరాత స్టెన్సిల్ మూడు నాలుగొందల ప్రతులదాకా స్పష్టంగా వస్తుంది, ఆ తర్వాత అక్షరాలు ఉబ్బుతాయి. ఒక రీము కాగితం, ఒక స్టెన్సిల్, కాస్త సిరా: సభకి అయ్యే మొత్తం ఖర్చులో ఇది టీ ఖర్చుకన్నా తక్కువ. పూలదండలు మానేస్తే ఇంకో సభకి కూడా కాగితం వచ్చేది.

ఆ పేజీలో ఏముండాలన్నది కూడా కుదిరిన పద్ధతే. పైన మూడు వరసల్లో విషయం. మధ్యలో చట్టం పేరు, ఏడాది, సెక్షన్ నంబరు. ఇవి తెలుగులోనూ, పక్కనే ఒడియా లిపిలోనూ, ఎందుకంటే ఆఫీసులో గుమస్తాకి చూపించాల్సింది ఒడియా అక్షరమే. కింద అర్జీ ఎవరి పేర రాయాలి, గడువెంత. చివరి నాలుగు వరసలు ఖాళీ, రాసుకోవడానికి. ఆ ఖాళీ వదలకపోతే జనం కాగితం మడిచి జేబులో పెట్టేసేవారు. వదిలితే పెన్ను అడిగేవారు.

మాతృభాషలో ప్రాథమిక విద్య మీద పంచిన కాగితం ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఉంది. రాజ్యాంగం 350ఎ ఆర్టికల్ 1956లో ఏడో సవరణతో వచ్చింది: అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకి తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలి. ఆచరణలో లెక్క ఏమిటంటే, ఒక తరగతిలో పదిమంది లేదా బడి మొత్తంలో నలభైమంది పిల్లలు ఉంటే ఆ భాషలో చెప్పే టీచరు ఉండాలి. పేర్లు విద్యా సంవత్సరం మొదలవడానికి మూడు నెలల ముందే నమోదు కావాలి. ఎక్కడ చెడేదంటే, తల్లిదండ్రులు ఒకరు ఈ బడిలో, ఒకరు ఆ బడిలో చేర్పించేవారు. పేటలో అరవైమంది తెలుగు పిల్లలున్నా ఏ ఒక్క బడిలోనూ నలభై తేలేది కాదు. ఇంకోటి, చేర్పించేటప్పుడు ఫారం నింపే గుమస్తా మాతృభాష గడిలో అలవాటుగా ఒడియా అని రాసేవాడు, తండ్రి సంతకం పెట్టేవాడు. కాగితం మీద తెలుగు పిల్ల లేకపోతే తెలుగు టీచరు పోస్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఉపన్యాసం నిజంగా చేసిన మేలు ఆ గడిని వేలుపెట్టి చూపించడమే. అలాగే 15 నుంచి 20 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు వేయడం మంచిదని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ మెమొరాండం చెప్పింది. అది జిల్లాకే కాదు, మునిసిపాలిటీ, తహసీలు లాంటి చిన్న ప్రాంతాలకి కూడా వర్తిస్తుందన్న సంగతి చాలామంది లాయర్లకే తెలియదు.

వేదిక మీద ముగ్గురికి మించి ఉండకూడదు: వక్త, అధ్యక్షుడు, ప్రశ్నలు చదివే మనిషి. స్వాగతం మూడు నిమిషాలు. ముందు వరసల్లో అధికారుల్ని కూర్చోబెడితే దీపం వెలిగించగానే వెళ్ళిపోతారు, ఆ ఖాళీ కుర్చీల మీదుగా వక్త మాట్లాడాల్సి వస్తుంది. దీపం లేకుండా, ముందు వరస ఎవరికీ కేటాయించకుండా పెట్టిన సభలు నిండుగా ఉండేవి. ఉపన్యాసం యాభై నిమిషాలు, ప్రశ్నలకి నలభై. అధ్యక్షుడు సారాంశం చెప్పడం మొదలుపెడితే ఆ నలభైలో పాతిక ఆయనవే. అందుకని అధ్యక్షోపన్యాసం మొదట్లోనే అయిపోవాలి. కార్మిక చట్టాల మీద సభ అయితే అధ్యక్షులు వి.వి. గిరి గారిని తలవకుండా ఉండేవారు కాదు. 1894లో ఇదే ఊళ్ళో పుట్టి, ఖల్లికోట కాలేజీలో చదివి, కార్మిక సంఘాలు నడిపి రాష్ట్రపతి అయిన మనిషిని తలవడం న్యాయమే కదా.

అంకెల విషయంలో చాలా పట్టుదల ఉండాలి. ఒడిశా, ఆంధ్ర రెండూ నీళ్ళు పంచుకునే వంశధార నది మీద ఉపన్యాసమంటే హాల్లో సగంమంది అటు చుట్టాలున్నవాళ్ళు, సగంమంది ఇటు పొలాలున్నవాళ్ళు. గొంతులు లేవడం ఖాయం. దానికి మందు ఒకటే: మాట మొదలుపెట్టకముందే బోర్డు మీద నది గీసి, అంకె రాసినప్పుడల్లా ఏ చోటి దగ్గర, ఏ ఏడాది ఒప్పందం ప్రకారం అన్నది పక్కనే రాయడం. గొట్టా బ్యారేజీ దగ్గర లభ్యత 115 టీఎంసీ, 1962 అంగీకారం ప్రకారం చెరి సగం, అంటే 57.5. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు అని చెబితే రైతుకి కళ్ళ ముందు ఏమీ కనబడదు. 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ అని చెబితే కాలవ లెక్క తెలిసినవాడు తల ఊపుతాడు. అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం 1956 కింద 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. ఈ వరస బోర్డు మీద ఉంటే, నేరడి బ్యారేజీ అన్న పేరు వినగానే లేచి అరిచేవాళ్ళు కూడా ముందు బోర్డు చదివేవారు.

తుపాను మీద ఉపన్యాసాలకి వచ్చినంతమంది దేనికీ రాలేదు, 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర గంటకి రెండొందల కిలోమీటర్ల గాలితో తీరం దాటాక మరీను. అందరి ప్రశ్నా ఒకటే: "మాస్టారూ, ఎనిమిదో నంబరు అన్నారు, తర్వాత పదో నంబరు అన్నారు, అంటే గాలి ఇంకా పెరిగినట్టా?" కాదు. ఆ నంబర్లు రేవుల్లో ఓడలకోసం ఇచ్చే హెచ్చరికలు. 8, 9, 10 మూడూ మహా ప్రమాదమే. తుపాను రేవుని ఎడమన వదిలి దాటుతుందా, కుడిన వదిలి దాటుతుందా, నేరుగా రేవు మీదుగానో దాని పక్కనుంచో పోతుందా అన్నదే తేడా. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఒడ్డున ఉన్నవాళ్ళు చూడాల్సింది వేరే వరస: 72 గంటల ముందు వచ్చే తొలి సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందన్న అంచనా. వార్నింగ్ దాకా ఆగి పశువుల్ని విప్పడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అలర్ట్ రోజునే విప్పాలి. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను అయిపోయినట్టు కాదు, దాని కన్ను నెత్తిమీద ఉన్నట్టు. కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. బయటికి రాకూడదని చెప్పడం చాలదు, ఎందుకో బొమ్మ వేసి చూపించాలి. చూపించిన చోట జనం గుర్తుపెట్టుకున్నారు.

ప్రశ్నలు చేయెత్తి అడగమంటే విద్యార్థులూ రిటైరైన ఉద్యోగులే అడుగుతారు. తెలుగు ఆడవాళ్ళు, ఒడియా తడబడే ముసలివాళ్ళు నోరు విప్పరు. చీటీ పద్ధతి వాళ్ళకోసం వచ్చింది. ఫుల్‌స్కేప్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఉపన్యాసం మధ్యలోనే పంచాలి. చివర్లో పంచితే రాయడానికి టైముండదు. పేరు అక్కర్లేదు, వార్డో ఊరో రాస్తే చాలు. ఏ భాషలో రాసినా సరే. రాయడం రానివాళ్ళ పక్కన ఒక విద్యార్థి కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాయాలి, సొంత మర్యాద మాటలు కలపకుండా. "మా వీధి కాలవ ఆర్నెల్లనుంచి తీయలేదు, ఎవర్ని పట్టుకోవాలి బాబూ" అన్నది అలాగే చదివితే హాలంతా నిటారుగా కూర్చుంటుంది. ఒకే రకం చీటీల్ని కట్టగా పెట్టి ఒకే జవాబు చెప్పించాలి. ప్రశ్న తెలుగులో చదివి, ఒడియాలో ఒక్క వాక్యం చెప్పి, జవాబు తర్వాత మళ్ళీ తెలుగులో రెండు వాక్యాలు. టైము చాలక మిగిలిపోయిన చీటీలకి జవాబులు రాయించి, వారంలోగా విభాగం నోటీసు బోర్డులోనూ, ఊళ్ళో లైబ్రరీలోనూ అంటించాలి. ఈ ఆఖరి పని మానేసిన విభాగాల సభలకి రెండో ఏడు జనం పల్చబడ్డారు.

2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక సభ చివర ఒక బల్ల కూడా చేరింది. చట్టం ప్రకారం అర్జీ ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలి. ఒడిశాలో తెలుగు అర్జీ చెల్లదు. రాయలేని మనిషి నోటితో చెబితే రాతలో పెట్టడానికి సమాచార అధికారే సాయం చేయాలని అదే సెక్షన్‌లో ఉన్నా, ఆ బల్ల దగ్గరే పని సులువయ్యేది. ఒడియా చేతిరాత బాగున్న విద్యార్థులు ఇద్దరు, తెలుగు తెలిసినవాళ్ళు ఇద్దరు కూర్చునేవారు. ఒడిశాలో అర్జీకి ఫారం-ఎ వాడాలి, రుసుము పది రూపాయలు. ఎందుకు చేయలేదు అని అడిగితే జవాబు రాదు. ఫలానా పని ఎస్టిమేటు నకలు, ఫలానా బిల్లు నకలు అని కాగితం పేరు పెట్టి అడగాలి. ఒక అర్జీలో ఒకే సంగతి. తప్పు ఆఫీసుకి వెళ్ళినా ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకి వాళ్ళే పంపాలి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత ముప్ఫై రోజుల్లో మొదటి అప్పీలు. అదీ తేలకపోతే తొంభై రోజుల్లో కమిషన్‌కి రెండో అప్పీలు. అర్జీ రెండు ప్రతులు రాసి, రెండో దాని మీద ఆఫీసు ముద్రా తేదీ వేయించుకోమని ప్రతి ఒక్కరికీ చెప్పి పంపేవారు, ఎందుకంటే ఆ తేదీ లేకపోతే ముప్ఫై రోజుల లెక్క ఎక్కడ మొదలైందో నిరూపించలేరు. బస్సు వేళకి పూర్తికాని అర్జీలుంటే బల్లని ఆ ఆదివారం ఊళ్ళోకి మార్చి, అక్కడ రాసి ఇచ్చేవారు.